మూత వేయడం కూడా విద్యే

కంటికి రెప్ప ఉన్నది. చూడవద్దనుకుంటే మూసుకోవచ్చు. నోటికి పెదవులున్నవి. మాట్లాడవద్దనుకుంటే మూసుకోవచ్చు. ఈ రెండో సౌకర్యాన్ని మనలో చాలామంది తగినంతగా వినియోగించుకోరు, అది వేరే సంగతి! కాని చెవికి మాత్రం మూత లేదు. మనం నిద్రపోయినా అది తెరిచే ఉంటుంది. ఇక మనసు మాట చెప్పనే అక్కరలేదు. దానికి తలుపూ లేదు, గడియా లేదు.

ఈ కాలంలో మన ఇళ్ళలోకి వచ్చిన వస్తువులు చాలావరకు తెరిచే వస్తువులు. బ్రౌజరు పేజీమీద పేజీ తెరుస్తుంది. హెడ్‌ఫోను సంగీత భాండాగారాన్ని తెచ్చి చెవి దగ్గర తెరుస్తుంది. సెల్‌ఫోను సినిమాహాలునే అరచేతిలో తెరుస్తుంది. ఇవన్నీ మంచి వస్తువులే. వాటిని తిట్టడానికి నేను కలం పట్టలేదు. మూడూ నేను రోజూ వాడుతూనే ఉన్నాను. అయితే తెరవడం ఎవరికైనా ఒక్క క్షణంలో పట్టుబడుతుంది. ఎప్పుడు మూయాలో, ఎలా మూయాలో ఎవరూ నేర్పడం లేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా బడిలో ఉన్నవాణ్ణి గనక, ఎవరూ చెప్పని పాఠం కనబడితే నా చేయి సుద్దముక్క కోసం వెతుకుతుంది. అందుచేత టాబులను గురించీ, హెడ్‌ఫోను శబ్దాన్ని గురించీ, సినిమాలను గురించీ నా అభిప్రాయాలు చెబుతాను. నచ్చకపోతే మీరు వాదించవచ్చు. మా మనుమరాలు ఎలాగూ వాదిస్తూనే ఉన్నది.

ముందుగా టాబుల సంగతి చూద్దాం.

ఆఫీసుల్లో ఫైళ్ళకు అంచున నాలుకలాగా ఒక చిన్న అట్టముక్క పైకి పొడుచుకుని ఉంటుంది. దానిమీద ఫైలు పేరు రాసి ఉంటుంది. బీరువాలో నూరు ఫైళ్ళున్నా ఆ నాలుకలను చూసి, కావలసినదాన్ని చటుక్కున లాగవచ్చు. ఆ అట్టముక్క పేరే టాబు. బ్రౌజరులో పైన వరసగా కనిపించే టాబులు దాని వారసులే.

1989లో టిమ్ బెర్నర్స్-లీ అనే ఆయన, స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయంలో పనిచేస్తూ, ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న పేజీలను లంకెలతో కలిపే ఉపాయం ప్రతిపాదించాడు. అదే వెబ్. 1993లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయం నుంచి మొజాయిక్ అనే బ్రౌజరు వచ్చి, మామూలు జనానికి కూడా వెబ్‌ను దగ్గర చేసింది. ఆ తరవాత చాలాకాలం, ఒక పేజీ ఉండగానే ఇంకొక పేజీ కావాలంటే వేరే కిటికీ తెరవవలసి వచ్చేది. పది పేజీలు చూస్తే పది కిటికీలు, ఒకదానిమీద ఒకటి పడి ఉండేవి. అడుగున ఉన్నది కావాలంటే పైవన్నీ తొలగించాలి. టాబులు కొన్ని బ్రౌజర్లలో ముందే ఉన్నా, 2004లో ఫైర్‌ఫాక్సు, 2006లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఏడవ కూర్పు వచ్చాక అవి అందరికీ అలవాటైనవి.

ఇది చాలా మంచి మార్పు. గ్రంథాలయంలో బల్లమీద నాలుగు పుస్తకాలు పక్కపక్కన తెరిచిపెట్టుకుని, ఇందులో ఏమన్నాడు, అందులో ఏమన్నాడు అని పోల్చి చూసే సుఖం చదువుకున్నవాడికే తెలుస్తుంది. టాబులు ఆ సుఖాన్ని ప్రతి ఇంటికీ తెచ్చినవి. ఒక్క పుస్తకంలో ఉన్నదే నిజమని నమ్మేవాడికంటే, రెండు చూసి పోల్చేవాడు ఎప్పుడూ మేలు.

మరి చిక్కు ఎక్కడ వచ్చింది?

మా మనుమరాలు ఎనిమిదో తరగతి చదువుతున్నది. కొల్లేరు సరస్సు మీద నాలుగు పేజీలు రాసుకు రమ్మని బడిలో చెప్పారు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న సరస్సు అది. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడినేలగా గుర్తింపు పొందింది. అక్కడికి గూడబాతులు వస్తాయి. అమ్మాయి కొల్లేరుతో మొదలుపెట్టింది. అక్కడినుంచి గూడబాతులకు పోయింది. గూడబాతు ముక్కు కింద సంచి ఉంటుంది గదా, ఆ సంచి నుంచి చేపలకు పోయింది. చేపలనుంచి వంటలకు, వంటలనుంచి ఒక సినిమా పాటకు పోయింది. సాయంత్రానికి నేను వెళ్ళి చూసేసరికి తెరపైన టాబులు చీమల బారులాగా ఉన్నవి. లెక్కపెట్టాను. 31!

"వీటిలో ఎన్ని చదివావమ్మా?" అని అడిగాను.

"ఇంకా చదవలేదు తాతయ్యా. చదవాలి. అందుకే మూయలేదు," అన్నది.

ఆ జవాబు నాకు నచ్చింది. అందులో కపటం లేదు. కాని ఆలోచించి చూడండి. తెరిచి వదిలిన ప్రతి టాబూ "తరవాత చదువుతాను" అన్న ఒక మాట. అంటే, తీర్చవలసిన ఒక చిన్న చేబదులు. 31 మంది దగ్గర తలా ఒక రూపాయి చేబదులు తీసుకున్నవాడు వీధిలో నిశ్చింతగా నడవగలడా? అప్పు రూపాయే కావచ్చు. కాని ఎదురుపడే ముఖాలు 31.

ఈ మాట చెబితే అమ్మాయి ఊరుకోలేదు. "మొన్న మా బడిలో అష్టావధానం జరిగింది తాతయ్యా. అవధానిగారు ఎనిమిది పనులు ఒకేసారి చేశారు. ఎనిమిది టాబులే గదా అవి?" అన్నది.

మంచి ప్రశ్న! జవాబు కూడా అవధానంలోనే ఉన్నది. అవధాని చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు కూచుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరి పెడతారు. అవధాని ఒకరివైపు తిరిగి ఒక పాదం చెప్పి, దాన్ని మనసులో భద్రంగా పెట్టి, పక్కవారివైపు తిరుగుతాడు. ఇలా నాలుగు చుట్లు తిరిగేసరికి పద్యాలు పూర్తి అవుతాయి. చివరకు అన్నిటినీ ధారణ చేసి వరసగా అప్పజెబుతాడు. ఏ ఒక్క క్షణంలో చూసినా ఆయన ముందున్నది ఒక్కడే పృచ్ఛకుడు. తక్కిన ఏడుగురి మీదా ఆయన మూత వేశాడన్నమాట! మూత వేయగలడు గనకనే మళ్ళీ తెరవగలిగాడు. తిరుపతి వెంకట కవులు ఊరూరా అవధానాలు చేసి పేరు తెచ్చుకున్నది ఈ శక్తితోనే.

ఇంకొక తమాషా చూడండి. అవధాన సభలో అప్రస్తుత ప్రసంగం అని ఒక అంశం ఉన్నది. అవధాని పద్యం ఆలోచిస్తుండగా మధ్యలో దూరి, సంబంధంలేని కబుర్లు చెప్పి ఆయన ఏకాగ్రతను చెడగొట్టడమే ఆ పృచ్ఛకుడి ఉద్యోగం. మన పెద్దలు అలాంటివాడు ఒక్కడు చాలుననుకున్నారు. ఈనాడు మన ఫోనులో టింగుమని మోగే ప్రతి కబురూ ఒక అప్రస్తుత ప్రసంగే. ఎనిమిదిమంది పృచ్ఛకులూ అప్రస్తుత ప్రసంగులే అయితే, ఎంతటి అవధాని మాత్రం ఏం చేస్తాడు?

మనసు ఒక్కసారిగా ఎన్ని విషయాలు పట్టి ఉంచగలదని శాస్త్రజ్ఞులు పరీక్షించారు. 1956లో జార్జి మిల్లర్ అనే అమెరికను మనస్తత్వవేత్త ఏడు, ఒకటి రెండు అటూ ఇటూగా, అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ అనే ఆయన ఇంకా జాగ్రత్తగా చూసి, నాలుగు మాత్రమేనన్నాడు. కంప్యూటరుకు మనకంటే జ్ఞాపకం ఎక్కువే. అయినా ప్రతి టాబూ దాని జ్ఞాపకంలో కొంత చోటు తింటుంది. అందుకని ఈనాటి బ్రౌజర్లు చాలాసేపు ముట్టుకోని టాబులను నిద్రపుచ్చుతున్నవి. యంత్రానికే ఇంత తెలివి వచ్చినప్పుడు మనకు రావద్దూ?

నేను అమ్మాయికి ఒక పద్ధతి చెప్పాను. టాబు మూసే ముందు, అందులో తెలుసుకున్నది సొంత మాటల్లో ఒక్క వాక్యం నోటు పుస్తకంలో రాయాలి. రాయగలిగితే ఆ పేజీ నీదైపోయింది, మూసేయి. రాయలేకపోతే చదవలేదన్నమాట, చదివి రాయి. చదివే ఉద్దేశమే లేదంటావా, ఇంకా తేలిక, వెంటనే మూసేయి. మళ్ళీ కావలసి వస్తుందని భయమైతే బుక్‌మార్కు పెట్టుకో. చిన్నప్పుడు పుస్తకంలో నెమలీక పెట్టుకునేవాళ్ళం గదా, అదే ఇది. నెమలీక పెట్టిన పుస్తకాన్ని మూయడానికి ఎవరూ భయపడరు. 31 టాబులలో రాయదగిన వాక్యాలు తొమ్మిది వచ్చినవి. ఆ తొమ్మిది వాక్యాలతో కొల్లేరు వ్యాసం చక్కగా తయారయింది. ఒకేసారి మూడు టాబులకు మించి ఉండరాదని నేనన్నాను. ఏడు కావాలని అమ్మాయి బేరమాడింది. అయిదు దగ్గర ఒప్పందం కుదిరింది.

ఇక హెడ్‌ఫోను సంగతి.

1910లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియెల్ బాల్డ్విన్ అనే ఆయన తన ఇంట్లో వంటగదిలో కూచుని, రెండు చెవులకూ తగిలించుకునే శబ్దయంత్రాలను తయారుచేశాడు. వాటిని అమెరికా నౌకాదళం కొన్నది. దూరపు ఓడల నుంచి సన్నగా వచ్చే రేడియో సంకేతాలను వినడానికి అవి పనికివచ్చినవి. సంగీతం కోసం స్టీరియో హెడ్‌ఫోనును 1958లో జాన్ కాస్ తెచ్చాడు. 1979లో జపానునుంచి సోనీ వాక్‌మన్ వచ్చి, పాటను జేబులో వేసుకుని నడిచే అలవాటు ప్రపంచానికి నేర్పింది. ఒక విషయం గమనించారా? హెడ్‌ఫోను పుట్టింది చెవిని అదరగొట్టడానికి కాదు. చాలా చిన్న శబ్దాన్ని శ్రద్ధగా వినడానికి!

నా అభిప్రాయమేమిటంటే, మంచి హెడ్‌ఫోనుకు గుర్తు ఎంత గట్టిగా మోగుతుందన్నది కాదు, ఎంత తగ్గించినా ఎంత స్పష్టంగా వినబడుతుందన్నది. దుకాణంలో కుర్రవాళ్ళు "బేస్ అదిరిపోతుంది సార్" అని చెప్పి అమ్ముతారు. బేస్ అంటే లావు శబ్దం. మృదంగానికి ఎడమవైపు తొప్పి పలికే గుంకారం బేసే. అది ఉండవలసిందే. కాని తొప్పి ఒక్కటే మోగితే కచేరీ అవుతుందా? వీణతీగ మీద వేలు జారినప్పటి సన్నని నాదం, గాయకుడు ఊపిరి తీసుకోవడం, ఒక చరణానికీ ఇంకొక చరణానికీ మధ్య ఉండే మౌనం, ఇవన్నీ వినిపించినప్పుడే అది మంచి శబ్దమని నేనంటాను. చవకదైనా సరే.

ఇప్పుడు చెవి లోపల ఏమి జరుగుతుందో చూద్దాం. లోపలి చెవిలో నత్తగుల్లలాగా చుట్టలు చుట్టుకున్న భాగం ఒకటి ఉన్నది. అందులో సన్నని రోమాలుగల కణాలు సుమారు 15,000 ఉంటాయి. శబ్దం రాగానే, గాలికి వరిచేను ఊగినట్టు ఆ రోమాలు ఊగుతాయి. ఆ కదలికనే నాడులు మెదడుకు చేరవేస్తాయి. చిన్నగాలికి చేను ఊగి మళ్ళీ నిలబడుతుంది. తుపాను వస్తే పడిపోతుంది. ఈ కణాలూ అంతే. అయితే చేను మళ్ళీ నాటుకోవచ్చు. ఈ కణాలు చనిపోతే మనిషికి మళ్ళీ మొలవవు. విచిత్రమేమిటంటే, కోడికి మళ్ళీ మొలుస్తాయి! మనకు ఆ భాగ్యం లేదు. పుట్టినప్పుడు చేతికిచ్చిన మూలధనం అది. ఖర్చే తప్ప జమ లేదు.

శబ్దాన్ని కొలిచే కొలతకు డెసిబెల్ అని పేరు. టెలిఫోనుకు 1876లో పేటెంటు పొందిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరుమీద వచ్చిందది. ఆయన చెవిటిపిల్లలకు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు; ఆయన తల్లికీ, భార్యకూ వినబడేది కాదు. మనం మామూలుగా మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. పిల్లలు 75 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వింటే పరవాలేదని 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఒక హద్దు పెట్టింది. పెద్దలకు అది 80. ఇక్కడ ఒక లెక్క ఉన్నది. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ వినదగిన కాలం సగమైపోతుంది. 78 అయితే 20 గంటలు. 81 అయితే 10. 84 అయితే 5. 87 అయితే రెండున్నర. 90కి పోతే వారం మొత్తానికి గంటంబావు! మీట కొంచెమే తిప్పామనుకుంటాం. గంటలు మాత్రం చేతిలో ఇసుకలాగా జారిపోతాయి.

పోయిన వినికిడి ఎలా ఉంటుందో నేను దగ్గరగా చూశాను. కొంతకాలం నేను మరమగ్గాలు ఎక్కువగా ఉన్న ఒక ఊళ్ళో పనిచేశాను. షెడ్డులో పదులకొద్దీ మగ్గాలు ఒకేసారి టకటకలాడుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినబడదు. ఆ ఊరివారు ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడతారు. ఎక్కువ శబ్దం ముందుగా దెబ్బకొట్టేది సన్నని స్వరాలు వినే కణాలను. లావు గొంతులు వినబడుతూనే ఉంటాయి. స, శ వంటి అక్షరాలు, పక్షుల కూతలు, పసిపిల్లల గొంతులు మెల్లగా మాసిపోతాయి.

ఒకసారి మా బడి వార్షికోత్సవంలో ఆరో తరగతి పిల్ల ఒకతె పద్యాలు చదివింది. సన్నని గొంతు. మైకు ఆ సమయానికి మొరాయించింది. అయినా సభ నిశ్శబ్దంగా విన్నది. ఆ పిల్ల తండ్రి మగ్గం పనివాడు. పని మానుకుని వచ్చి, ముందు వరసలో కూచుని, కళ్ళార్పకుండా కూతురి పెదవులకేసే చూస్తున్నాడు. అందరూ చప్పట్లు కొడితే తనూ కొట్టాడు. సభ ముగిశాక నా దగ్గరకు వచ్చి, చెవి దగ్గరకు వంగి అడిగాడు:

"సారూ, మా బిడ్డ మంచిగ సదివిందా?"

"చాలా బాగా చదివింది," అని గట్టిగా చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. పద్యం మాత్రం ఆయనకు చేరలేదు. ఇక చేరదు కూడా.

ఆయనకు వేరే దారి లేదు. మగ్గం ఆపితే ఆ పూట పొయ్యి వెలగదు. ఆ మగ్గానికి శబ్దం తగ్గించే మీట లేదు. పిల్లలూ, మీ చేతిలో ఉన్నదానికి మీట ఉన్నది. హెడ్‌ఫోనును గురించి నేను చెప్పదలచుకున్నది ఇంతే. తక్కినవన్నీ దానికి వివరాలు.

ఆ వివరాలూ చెబుతాను. వాల్యూము నూటికి 60 దాటనీయవద్దు. చేయి చాచినంత దూరంలో నిలబడి అమ్మ మామూలుగా పిలిస్తే వినబడాలి. ఆమె కేక వేయవలసి వస్తే మీ శబ్దం ఎక్కువైందన్నమాట. గంటకొకసారి తీసి చెవులకు విశ్రాంతి ఇవ్వండి. చెవిలో గుయ్యిమని మోత వస్తే అది హెచ్చరిక. పెద్దలకు చెప్పండి, దాచవద్దు. రోడ్డు దాటేటప్పుడు, రైలుపట్టాల దగ్గర, సైకిలుమీద హెడ్‌ఫోను పెట్టుకోనేకూడదు. చెవికి మూత లేకుండా పుట్టించడంలో ప్రకృతి ఉద్దేశమే అది: వెనకనుంచి వచ్చే ఆపదను కన్ను చూడలేదు, చెవి వినగలదు.

బయటి రొదను తగ్గించే హెడ్‌ఫోనులు వచ్చినవి. వాటిని నేను మెచ్చుకుంటాను. 1978లో అమర్ బోస్ అనే ఆచార్యుడు విమానంలో ప్రయాణం చేస్తూ, ఇంజను రొదలో పాట సరిగా వినబడక, ఈ ఉపాయం ఆలోచించాడు. ఆయన అమెరికాలో పుట్టినవాడు. తండ్రి బెంగాలునుంచి వెళ్ళిన స్వాతంత్ర్య సమరయోధుడు. హెడ్‌ఫోనులోని చిన్న మైకు బయటి రొదను విని, దానికి సరిగ్గా ఎదురైన అలను పుట్టిస్తుంది. ఒక అల పైకి లేచేచోట రెండోది కిందికి పోతుంది. రెండూ కలిసి సద్దుమణుగుతాయి. బస్సులో రొదను మించాలని మనం పాట పెంచుతాం గదా? రొదే తగ్గితే పెంచనక్కరలేదు. ఇది చెవికి మనిషి చేసిన మొదటి రెప్ప అని నేనంటాను. ఇంట్లో, బస్సులో అది వరం. రోడ్డుమీద శాపం.

చివరకు సినిమా.

1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి జనానికి కదిలే బొమ్మలు చూపారు. ఆరు నెలలు దాటగానే, 1896 జులై 7న, వారి బొమ్మలే బొంబాయిలో వాట్సన్ హోటలులో ఆడినవి. 1931లో "ఆలం ఆరా"తో మన దేశంలో బొమ్మకు మాట వచ్చింది. 1932లో "భక్త ప్రహ్లాద"తో అది తెలుగులో మాట్లాడింది.

మాట్లాడే సినిమాకు సెకనుకు 24 బొమ్మలు. మూడు గంటల సినిమా అనుకోండి. మూడు గంటలంటే 10,800 సెకన్లు. దాన్ని 24తో హెచ్చవేస్తే 2,59,200 బొమ్మలు! ప్రతి బొమ్మా కదలకుండా ఉండేదే. మరి కదిలినట్టు ఎలా కనిపిస్తుంది? ఫిలిం రీళ్ళ కాలంలో యంత్రం ఒక బొమ్మను తెరమీద చూపి, తరవాతి బొమ్మను లాగేటప్పుడు దీపానికి అడ్డంగా ఒక రేకు తిప్పేది. ఆ క్షణం తెరమీద చీకటి. ఆ చీకటి లేకపోతే బొమ్మలు జారి, చెరిగి, గీతలు పడి కనిపించేవి. అంటే రెండు బొమ్మల మధ్య ఒక మూత పడేదన్నమాట. ఆ చీకట్లో కథను అతికించుకుంటూ పోయినది మన మెదడే.

నా చిన్నతనంలో ఊరికి టూరింగు టాకీసు వచ్చేది. డేరాలో ఇసుక పోసుకుని కూచునేవాళ్ళం. దానికి ఒకటే ప్రొజెక్టరు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. రీలు కాగానే ఆపి, ఇంకొకటి ఎక్కించాలి. ఆ కాస్త వ్యవధిలో నేల టికెట్టు మీద పెద్ద సభ జరిగేది. "వాడు విలను గాడురా, మారువేషం!" అని ఒకడంటే, "కాదురా, పాట చూడు!" అని ఇంకొకడు. సగం సినిమా తెరమీద, సగం మా మధ్య నడిచేది. ఈనాడు ఆ విరామం ఎక్కడుంది? ఒక సినిమా ముగియకముందే తరవాతిది దానంతటదే మొదలవుతుంది. కొందరు వేగం పెంచి, మూడు గంటలది రెండు గంటల్లో ముగిస్తున్నారు. భోజనాన్ని కూడా అలాగే ముగిస్తారా అని అడగాలనిపిస్తుంది. పోనీ మామూలు వేగంతో చూస్తారా, చేతిలో ఫోను! కన్ను రెండు తెరల మధ్య పరిగెత్తితే, దర్శకుడు ఎంత కష్టపడి తీసినా ఏం లాభం?

సినిమా బాగుందా లేదా అనడానికి నాకు ఒక తూకం ఉన్నది. అందులో పాత్రలు మాట్లాడకుండా ఉండే ఒక్క నిమిషమైనా ఉండాలి. ఆ నిమిషంలో మనకు అర్థమైనది మాటలలో చెప్పిన దానికంటే ఎక్కువ కావాలి. మొదటినుంచి చివరిదాకా హోరుమనే సినిమా తొప్పి ఒక్కటే మోగే కచేరీ వంటిది.

ఈ సెలవుల్లో మా మనుమరాలూ నేనూ కలిసి 1957 నాటి "మాయాబజార్" చూశాం. ఈ తరం పిల్ల చూస్తుందా అని మా ఇంట్లోవారు సందేహించారు. షరతు ఒకటే పెట్టుకున్నాం: విరామం దాకా ఫోను ముట్టుకోరాదు. ఎవరెవరో తెలుసుకోవాలంటే విరామంలో అడగాలి. మార్కస్ బార్ట్లీ కెమేరా చూపిన వెన్నెలకు అమ్మాయి కళ్ళప్పగించి కూచున్నది. ప్రియదర్శిని పెట్టె రాగానే మాత్రం ఆగలేక, "తాతయ్యా! ఇది లాప్‌టాపు గదూ?" అని అరిచింది.

నిజమే, అలాగే ఉంటుంది. ఆ పెట్టె తెరిచి చూసినవారికి, తమకు అన్నిటికంటే ప్రియమైనది కనిపిస్తుంది. బలరాముడికి దుర్యోధనుడు కనిపిస్తాడు. రేవతికి నగలు కనిపిస్తాయి. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. పెట్టె ఒకటే, చూసేవారిని బట్టి బొమ్మ మారుతుంది. ఈనాటి ఫోనూ అంతే. మనం ఏది ఎక్కువ చూస్తే దాన్నే మళ్ళీ మళ్ళీ తెచ్చి చూపుతుంది. అయితే ఒక భేదం ఉన్నది. సినిమాలో అందరూ ఆ పెట్టెలోకి చూస్తారు, సిగ్గుపడతారు, నవ్వుకుంటారు, లేచి తమ పనిమీద పోతారు. ఎవరూ రాత్రంతా దాని ముందు కూచోరు. ఆ పెట్టెకు మూత ఉన్నది.

పిల్లలూ, ఈ నెల మీకు మూడు చిన్న పరీక్షలు పెడుతున్నాను. మొదటిది: ఏ రోజైనా సాయంత్రం మీ టాబులు లెక్కపెట్టి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క వాక్యం రాస్తూ మూసెయ్యండి. రెండోది: మీరు హెడ్‌ఫోను పెట్టుకుని ఉండగా చేతిదూరంలో నిలబడి మామూలుగా పిలవమని అమ్మకు చెప్పండి. మూడోది: ఇంట్లో అందరూ కలిసి ఒక సినిమాను ఫోనులు పక్క గదిలో పెట్టి మొదటినుంచి చివరిదాకా చూడండి, మధ్యలో ఒక విరామం పెట్టుకుని, అంతవరకు జరిగిన కథ గురించి పోట్లాడుకోండి.

పెద్దలకు కూడా ఇవే పరీక్షలు. వారి టాబులు లెక్కపెట్టే పని పిల్లలకు అప్పగిస్తున్నాను. మొహమాటపడకుండా మార్కులు వేయండి.